ఫ్లాట్‌లో వట్టివేరు, సాంబ్రాణి, మల్లె, తొలకరి మట్టి వాసన: పొగ, స్ప్రే లేకుండా ఎలా?

గుమ్మంలో_ముగ్గు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 72 ఏళ్లు. గోదావరి జిల్లాలో పెరటి ఇల్లు వదిలి ఈమధ్యే హైదరాబాద్‌లో మా మూడో అంతస్తు ఫ్లాట్‌కి వచ్చారు. తిండి, మందులు, నిద్ర అన్నీ బాగానే ఉన్నాయి గానీ "ఈ ఇంటికి ఏ వాసనా లేదేమిటే" అంటున్నారు. ఆవిడ తలుచుకునేవి నాలుగే: కుండనీళ్లలో వట్టివేరు, శుక్రవారం సాంబ్రాణి, పొద్దు వాలాక మల్లెలు, తొలకరికి లేచే మట్టి వాసన.

ప్లగ్గులో పెట్టే సెంటు మిషన్లూ స్ప్రేలూ పెడితే ఆవిడకు తలనొప్పి. కొద్దిగా ఉబ్బసం ఉంది. ఇంట్లో 8 నెలల పాప కూడా ఉంది. బాల్కనీ పడమటి వైపు, 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు. మధ్యాహ్నం 12 దాటాక చీకటి పడేదాకా ఎండే.

వీటిలో ఏవి ఫ్లాట్‌లో సాధ్యం? ఎంతెంత, ఎలా? మట్టి వాసన అత్తరు సీసాల్లో అమ్ముతున్నారు, అది నిజంగా ఆ వాసనేనా? వాసనల సంగతి బాగా తెలిసినవాళ్లు చెప్పండి.

---

ఘ్రాణం జవాబు:

ఏది ఎలా చేయాలో చెప్పేముందు ఒక్క మాట. నాలుగూ రోజంతా ఇల్లంతా నింపాలని చూడకండి. ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లోనే అలవాటుపడిపోతుంది. ప్లగ్గు మిషన్లు 24 గంటలూ వదులుతూనే ఉంటాయి కాబట్టి మొదటి రోజు తెలిసిన వాసన మూడో రోజుకు తెలియదు. దాంతో మీట పెంచుతాం. వాసన తెలియదు గానీ తలనొప్పి మాత్రం వస్తుంది.

పెరటి ఇంట్లో ఏ వాసన వేళ దానికుండేది. తెల్లారి కళ్లాపి, పది గంటలకు పోపులో కరివేపాకు, సాయంత్రం మల్లె. మధ్యలో ఖాళీ ఉండేది గనకే ప్రతిసారీ ముక్కు కొత్తగా పట్టుకునేది. ఫ్లాట్‌లోనూ అదే పద్ధతి పెట్టండి. ఒక వేళకు ఒక్కటే వాసన, 15 నుంచి 30 నిమిషాలు. తర్వాత కిటికీ తీసి గాలి ఆడనివ్వండి.

అమ్మగారు ఈ నాలుగింటినే ఎందుకు పట్టుకున్నారో కూడా చెబుతాను. చూపు, వినికిడి సంకేతాలు మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి వెళతాయి. వాసన దారి వేరు. ముక్కు పైభాగంలోని నాడులు మెదడులో వాసనను మొదట అందుకునే ఘ్రాణ కందానికి, అక్కడినుంచి నేరుగా భావోద్వేగాలకు సంబంధించిన అమిగ్డలాకు, జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్‌కు ఆనుకున్న భాగాలకు చేరతాయి. వాసనతో మేలుకొనే జ్ఞాపకాల్లో ఎక్కువ భాగం పదేళ్ల లోపు వయసువేనని పరిశోధనల్లో తేలింది. మాటతోనో ఫొటోతోనో గుర్తొచ్చేవి అంతకన్నా తర్వాతి వయసువి. అందుకే ఖరీదైన లావెండర్ నూనె తెచ్చిపెట్టినా ఆవిడకు ఊరట దొరకదు. ఆవిడ చిన్నప్పటి వాసనే కావాలి.

ఇంకో సంగతి చూడండి. 70 దాటాక వాసన పట్టే శక్తి సహజంగానే తగ్గుతుంది. "ఇంటికి వాసన లేదు" అనడంలో అదీ కొంత ఉండొచ్చు. కళ్లు మూయించి లవంగం, నిమ్మ తొక్క, కాఫీ పొడి, ఇంగువ ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టి పేరు అడగండి. రెండు మూడు గుర్తుపట్టలేకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి పోయిన వాసన అయితే అసలు ఆలస్యం చేయొద్దు.

---

వేరుకుంపటి జవాబు:

వట్టివేరు అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా క్షేమం. దానితోనే మొదలుపెట్టండి.

కొనేటప్పుడు చూడాల్సింది: వేళ్లు సన్నగా, పొడుగ్గా, పసుపు కలిసిన గోధుమరంగులో ఉండాలి. వంచితే పుటుక్కున విరక్కూడదు. నాలుగు వేళ్లను అరచేతిలో పెట్టి రెండు చుక్కల నీళ్లు వేసి నలపండి. చల్లటి మట్టి వాసన వెంటనే తెలిస్తే మంచి సరుకు. నూనె తీసేసిన వేళ్లు కూడా బజారులో అమ్ముతారు. అవి తేలిగ్గా, పాలిపోయి, పెళుసుగా ఉంటాయి, తడిపినా గడ్డి వాసనే. ఎక్కువ కట్టలు చవగ్గా ఇస్తున్నారంటే సాధారణంగా అవే.

కుండకు: 5 లీటర్ల మట్టికుండకు 10 గ్రాముల వేరు చాలు. ముందు మట్టి పోయేదాకా మూడు నాలుగు నీళ్లలో కడగండి. సబ్బు తగలకూడదు. తాగే నీళ్లు కాబట్టి ఒకసారి మరిగే నీళ్లు పోసి, రెండు నిమిషాలుంచి ఆ నీళ్లు పారబోయండి. పల్చటి నూలు గుడ్డలో మూటకట్టి కుండలో వేయండి. నీళ్లు రోజూ మార్చాలి. మూడు రోజులకోసారి మూట తీసి ఒక పూట ఎండలో ఆరబెట్టండి. ఇది మానేస్తే వేళ్లమీద జిగురు పడుతుంది, నీళ్లకు ముక్కిన వాసన వస్తుంది. జిగురు కనిపిస్తే కడిగి వాడొద్దు, పారేయండి. బాగా చూసుకుంటే రెండు మూడు వారాలు వాసన ఇస్తుంది. నీళ్లలో వాసన తగ్గాక బాగా ఎండబెట్టి చీరల మధ్య పెట్టుకోవచ్చు. పాపకు మాత్రం ఈ నీళ్లు పట్టొద్దు, మామూలు కాచి చల్లార్చిన నీళ్లే.

తడిక సంగతి. మీ బాల్కనీకి మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా వట్టివేళ్ల తడిక కట్టండి. హైదరాబాద్ ఎండ పొడి ఎండ కాబట్టి తడిక మీద నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఆ గాలి చల్లబడుతుంది, వాసనా వస్తుంది. ఇదే తడిక విశాఖలోనో కాకినాడలోనో కడితే వాసన వస్తుంది గానీ చల్లదనం అంతగా ఉండదు. అక్కడి గాలిలో అప్పటికే తేమ ఎక్కువ. తడిక కారిపోయేలా తడపకండి. మధ్యాహ్నం ఒంటిగంటకు, మూడింటికి, అయిదింటికి స్ప్రే డబ్బాతో ఒకటి రెండు లీటర్లు కొట్టండి. రాత్రికి పూర్తిగా ఆరిపోవాలి. రాత్రీ పగలూ తడిగా ఉంటే బూజు పడుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు బూజు కూడా పొగ కన్నా మేలేమీ కాదు. వానలు మొదలవగానే విప్పి, ఎండబెట్టి, పాత నూలు దుప్పటిలో చుట్టి దాచండి. వానాకాలంలో కట్టి ఉంచితే మరుసటి ఏడాదికి పనికిరాదు.

వట్టివేరు వాసన ఇంతకాలం ఎందుకు నిలుస్తుందంటే, దాని నూనెలోని అణువులు బరువైనవి, మెల్లగా గాలిలో కలుస్తాయి. నిమ్మ తొక్క వాసన గంటల్లో పోతుంది, ఇది నెలలుంటుంది. తడి తగిలినప్పుడల్లా మళ్లీ లేస్తుంది.

---

దుక్కి_తడి జవాబు:

మట్టి వాసన గురించి. ఇష్టమైన విషయం కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

తొలకరి వాసన ఒక్క పదార్థం కాదు. ఎండాకాలమంతా మొక్కలు వదిలిన నూనెలు మట్టికీ రాళ్లకూ పట్టుకొని ఉంటాయి, అది ఒక పాలు. రెండోది జియోస్మిన్. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. ఈ వాన వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టింది 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్. జియోస్మిన్‌ను మన ముక్కు నీళ్లలో లక్షకోట్లలో కొద్ది పాళ్లున్నా పట్టేస్తుంది.

వాసన పైకి ఎలా లేస్తుందో 2015లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు వేగంగా తీసే కెమెరాలతో చూపించారు. చినుకు పొడి మట్టిమీద పడగానే కింద చిన్న గాలి బుడగలు చిక్కుకుంటాయి. అవి చినుకులోంచి పైకి వచ్చి పగిలి, మట్టిలోని వాసనను సన్నటి తుంపరగా గాల్లోకి చిమ్ముతాయి. కుండపోత కన్నా చిరుజల్లుకే ఈ తుంపర ఎక్కువ. అందుకే వాన వాసన జల్లు మొదట్లోనే గుప్పుమని, జోరు పెరిగాక తగ్గిపోతుంది.

దీన్నిబట్టి బాల్కనీలో ఇలా చేయండి:

ఒక అడుగు చదరం ఉన్న మట్టి పళ్లెం, లేదా పింగాణీ పూత లేని వెడల్పు తొట్టి తీసుకోండి. అందులో రెండు అంగుళాల మందాన ఎర్రమట్టి పోయండి. అయిదు పాళ్ల మట్టికి ఒక పాలు బాగా మగ్గిన పశువుల ఎరువో ఆకుల ఎరువో కలపండి, సూక్ష్మజీవులు కావాలి కదా. నర్సరీల్లో ఇచ్చే కొబ్బరి పొట్టు మిశ్రమం పనికిరాదు, దానికి తొలకరి వాసన రాదు. ఒకసారి బాగా తడిపి, నాలుగైదు రోజులు నీడలో వదిలేసి, తర్వాత వారం పాటు మీ పడమటి ఎండలో ఎండనివ్వండి. పైన నెర్రెలు విచ్చేంత ఎండాలి. అప్పుడు సాయంత్రం, అమ్మగారు బాల్కనీలో కూర్చున్నప్పుడు, చేత్తో అడుగున్నర ఎత్తునుంచి 100 మిల్లీలీటర్ల నీళ్లు విడివిడి చినుకులుగా చల్లండి. చెంబుతో పోయకండి, మట్టి మునిగితే వాసన లేవదు.

వాసన అయిదు పది నిమిషాలుంటుంది. మళ్లీ వారం ఎండాకే. రోజూ చల్లితే రాదు. చాలామంది "ఒకసారి వచ్చింది, మళ్లీ రాలేదు" అనేది ఇందుకే. రెండు పళ్లాలు పెట్టుకుంటే వారానికి రెండుసార్లు చేయొచ్చు. మళ్లీ తడిపేముందు పైమట్టిని చేత్తో తిరగేయండి. రెండు నెలలకోసారి గుప్పెడు ఎరువు కలపండి.

ఇక అత్తరు. మట్టి అత్తరుకు పేరున్న ఊరు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్. కాల్చిన మట్టి బిళ్లలను రాగి డేగిషాలో నీళ్లతో వేసి మూత చుట్టూ మట్టితో మూసి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్లలో ఉంచిన ఇంకో రాగి పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రలో చందనపు నూనె ఉంటుంది, మట్టి వాసనను అది పట్టుకుంటుంది. ఇలా కొత్త మట్టితో మళ్లీ మళ్లీ చేస్తారు. కన్నౌజ్ అత్తరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కాబట్టి అసలైనది వాన వాసనకు చాలా దగ్గరగా ఉంటుంది, అడుగున చందనం ఉంటుంది. చందనపు నూనె ధర తెలిసినవాళ్లకు అర్థమవుతుంది, 100 రూపాయల సీసాలో అది ఉండదు. చవకవి పారఫిన్ లాంటి నూనెలో కృత్రిమ జియోస్మిన్ కలిపినవి. అది వాడినా తప్పు లేదు గానీ, ఒక్క చుక్క, అదీ దుస్తులమీద కాకుండా పూత లేని మట్టి ప్రమిద వెనకవైపు వేయండి. రెండో చుక్క వేస్తే వాన వాసన పోయి బీట్‌రూట్ వాసన మొదలవుతుంది. బీట్‌రూట్‌లో ఉన్నదీ జియోస్మినే మరి.

చెరువు చేపకు వచ్చే మట్టి వాసన కూడా ఇదే. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగి వాసన లేని పదార్థంగా మారుతుంది. చేప ముక్కలకు నిమ్మరసమో మజ్జిగో పట్టించడం, పులుసులో చింతపండు దండిగా పోయడం వెనక ఉన్న పని ఇదే. అలాగే మీ ట్యాంకు నీళ్లు ఉన్నట్టుండి మట్టి వాసన కొడితే ట్యాంకులో నాచు పట్టిందేమో చూసి కడిగించండి.

---

సాయంసంధ్య జవాబు:

సాంబ్రాణికి తేలిక మార్గం ఒకటుంది. దోమల మందు మిషన్‌లో ఖాళీ అయిన సీసాలో కర్పూరం పొడి, నీలగిరి తైలం కలిపి పెట్టండి. పొగ ఉండదు, ఇల్లంతా గుడి వాసన. దోమలూ పోతాయి.

---

ధూపకలశం జవాబు:

సాయంసంధ్య గారూ, దయచేసి ఈ సలహా ఈ ఇంటికి వద్దు. 8 నెలల పాప ఉందని పైనే రాశారు. కర్పూరం ఆవిరి మూసిన గదిలో గంటల తరబడి పీల్చడం పసివాళ్లకు మంచిది కాదు. పొరపాటున నోట్లో పెట్టుకుంటే చిన్న ముక్కకే మూర్ఛ వచ్చే ప్రమాదముంది. కర్పూరం కలిపిన నూనె పాప ఛాతీకి, ముక్కుకు రాయడం కూడా వద్దు. ఆ మిషన్ వేరే ద్రవం కోసం చేసింది, మండే స్వభావమున్న కర్పూరం, తైలం అందులో పోయడం నిప్పుతో పని. బట్టల బీరువాలో పెట్టే నాఫ్తలిన్ ఉండలు కూడా తీసేయండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకు వాటితో రక్తకణాలు విరిగి కామెర్లు వస్తాయి, ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే గాని తెలియదు. వాటి బదులు వేరుకుంపటి గారు చెప్పిన వట్టివేరు, ఎండిన పొగడపూలు పెట్టండి. పొగడపూలు వాడి ఎండినా తావి పోదు.

ఇక సాంబ్రాణి. ఉబ్బసం ఉన్న మనిషి, పసిపాప ఉన్న ఇంట్లో బొగ్గుల ధూపం వద్దనే నేను చెబుతాను. స్నానం చేయించాక పాప తలకు ధూపం పట్టడం మన ఇళ్లలో ఎంత అలవాటైనా సరే. జుట్టు మెత్తటి తువ్వాలుతో ఆరుతుంది, ఆ పొగ మాత్రం లేత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గులుంటే కార్బన్ మోనాక్సైడ్ కూడా చేరుతుంది, దానికి వాసన ఉండదు కాబట్టి తెలియదు.

కానీ వాసన కోసం పొగ అక్కర్లేదు. మనకు వచ్చే సాంబ్రాణి ఎక్కువగా సుమత్రాలోని స్టైరాక్స్ చెట్ల బంక. 100 డిగ్రీల వేడి లోపే మెత్తబడి కరగడం మొదలవుతుంది, తీపి కలిసిన ఆ వాసన అప్పుడే వస్తుంది. ఎర్రటి నిప్పు వేడి దానికి చాలా రెట్లు ఎక్కువ. అందుకే నేరుగా వేస్తే మొదటి అరనిమిషం మంచి వాసన, తర్వాత నల్లపొగ, కళ్లమంట.

పొగ లేకుండా ఇలా చేయండి. పాత ఇనప గరిటను సన్న మంటమీద అరనిమిషం వేడిచేసి పొయ్యి కట్టేయండి. గరిటలో నీటిచుక్క వేస్తే చిటపటలాడకుండా మెల్లగా మరిగి ఆవిరవ్వాలి, ఆ వేడి సరిపోతుంది. చుక్క ఎగిరి గంతులేస్తే ఇంకాస్త చల్లారనివ్వండి. తడి ఆరాక శనగగింజంత సాంబ్రాణి ముక్క వేసి, గరిటను ఇత్తడి పళ్లెంలో పెట్టి దేవుడి దగ్గర ఉంచండి. కరిగి బుడగలు వస్తుంది, పొగ దాదాపు ఉండదు, పది నిమిషాలు వాసన. గరిట సాంబ్రాణికే కేటాయించండి, అంటుకున్న బంక మళ్లీ వేడిచేస్తే గాని ఊడదు. మొదటిసారి చేసేటప్పుడు కిటికీ తీసి, అమ్మగారు పక్క గదిలో ఉన్నప్పుడు చూడండి. దగ్గు, ఛాతీ పట్టినట్టు ఏమాత్రం అనిపించినా ఇది కూడా మానేయండి.

సరుకు విషయం: సాంబ్రాణి కప్పులు కొనకండి. వాటిలో ఎక్కువ భాగం బొగ్గుపొడి, రంపపు పొట్టు, సెంటు. ముడి బంక కొనండి. మంచి సాంబ్రాణి ముక్క విరిస్తే గోధుమరంగు మధ్య తెల్లటి బాదం పలుకుల్లాంటి గడ్డలు కనిపిస్తాయి. పలుకులు ఎంత ఎక్కువుంటే అంత మంచిది. గుగ్గిలం పేరుతో ఇచ్చేది వేరే, అది సాల చెట్టు బంక, పొగ ఎక్కువ, వాసన ఘాటు. మైసాక్షి ఇంకోటి. దాన్నిచ్చే చెట్టు రాజస్థాన్, గుజరాత్ వైపు అడవుల్లో అంతరించే దశకు వచ్చింది, ఇంటి ధూపానికి అది లేకపోయినా వెలితి ఉండదు.

బొగ్గుల ధూపమే వేసుకోగల ఇళ్లవాళ్లకు కొలత: 50 గ్రాముల సాంబ్రాణి, 10 గ్రాముల వట్టివేరు పొడి, 10 గ్రాముల ఎండు గులాబీ రేకులు. సాంబ్రాణిని అరగంట ఫ్రిజ్‌లో ఉంచి రోట్లో దంచండి. మిక్సీలో వేస్తే వేడికి మెత్తబడి బ్లేడుకు అంటుకుపోతుంది. ధూపపాత్రలో రెండు వేళ్ల మందం బూడిద, దానిమీద కొబ్బరి చిప్ప బొగ్గు. బొగ్గుపైన తెల్లబూడిద పట్టేదాకా ఆగి, ఇంకో చిటికెడు బూడిద చల్లి, అప్పుడు పావు చెంచా పొడి. ఆ బూడిద పొరే వేడిని అదుపులో పెడుతుంది.

---

గుమ్మంలో_ముగ్గు:

అందరికీ ఎంతో రుణపడి ఉంటాను. నాఫ్తలిన్ ఉండలు ఇప్పుడే తీసేశాను. మల్లె గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఈ పడమటి ఎండకు తొట్టిలో మల్లె బతుకుతుందా? కొన్న మొగ్గలు రాత్రికి గోధుమరంగుకు తిరిగిపోతున్నాయి, ఎలా ఉంచాలి? ఇంకో సంగతి, ఘ్రాణం గారు చెప్పినట్టు పరీక్ష పెడితే అమ్మకు ఇంగువ, కాఫీ తెలిశాయి గానీ లవంగం, నిమ్మ తెలియలేదు.

---

ఘ్రాణం:

డాక్టరుకు తప్పకుండా చూపించండి. ముక్కులో కండ పెరగడం, సైనస్, కొన్ని మందులు, ఏదైనా కారణం కావచ్చు. వాటితో పాటు ఇంట్లో చేయగలిగిన సాధన ఒకటుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనలను పొద్దున, సాయంత్రం ఒక్కొక్కటి పది పదిహేను సెకన్లు వాసన చూడాలి, కనీసం 12 వారాలు. కోవిడ్ తర్వాత వాసన పోయినవాళ్లకు డాక్టర్లు ఎక్కువగా చెప్పింది కూడా ఇదే.

నాలుగు చిన్న మూత సీసాలు, లోపల దూది. నీలగిరికి రెండు చుక్కల తైలం, సీసా ముక్కుకు తగలకుండా రెండు అంగుళాల దూరం, ఉబ్బసం ఉంది కాబట్టి దానికి మాత్రం ముందు డాక్టరును అడగండి. లవంగం అప్పుడే దంచినది, నిమ్మ తొక్క అప్పుడే గీరినది. గట్టిగా పీల్చకూడదు, చిన్న చిన్న ఊపిరులు. రెండింటి మధ్య అరనిమిషం ఆగాలి. వాసన తెలియకపోయినా ఆ వస్తువును మనసులో తలుచుకోవడం ఈ సాధనలో భాగమే. ఆవిడ వంటగదిలో దంచుతూ, గీరుతూ చేస్తే మరీ మంచిది.

వంటగది అంటే గుర్తొచ్చింది. వంటగ్యాసుకు సొంత వాసన ఉండదు, లీకైతే తెలియాలని ఘాటు వాసన ఉండే మెర్కాప్టాన్ కలుపుతారు. వాసన తగ్గిన పెద్దవాళ్లు ఒంటరిగా వంట చేసే ఇంట్లో గ్యాస్ లీకు పసిగట్టే అలారం పెట్టండి. సిలిండర్‌లో వచ్చే వంటగ్యాసు గాలి కన్నా బరువు కాబట్టి అలారం నేలకు అడుగు ఎత్తులోపు ఉండాలి, పై గోడకు కాదు.

---

పెరటిమల్లె జవాబు:

పడమటి ఎండ మల్లెకు వరం. తూర్పు నీడ బాల్కనీల్లో ఆకులే తప్ప పువ్వు రాక ఎంతమంది బాధపడుతున్నారో. రోజుకు 5 గంటల నేరు ఎండ ఉంటే చాలు, మీకు అంతకన్నా ఎక్కువే ఉంది.

14 అంగుళాల మట్టి తొట్టి. నల్ల ప్లాస్టిక్ తొట్టి పడమటి ఎండకు వేడెక్కి వేళ్లు ఉడికిపోతాయి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు ఇసుక. కడియం నర్సరీల మొక్కలు హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి. ముద్దగా ఉండే దొంతర మల్లె చూపుకు బాగుంటుంది గానీ తొట్టిలో పూత తక్కువ. వాసనకైతే మామూలు మల్లె తీసుకోండి.

కత్తిరింపే ప్రాణం. డిసెంబరు చివర, జనవరి మొదట్లో మొక్కను అడుగు, అడుగున్నర ఎత్తుకు కోసి, మిగిలిన ఆకులన్నీ దూసేయండి. అంతకు ముందు పది రోజులు నీళ్లు బాగా తగ్గించండి. ఇది చూసి చాలామందికి చేతులు రావు, మొక్క చచ్చిపోతుందని భయం. చావదు. మల్లె పూసేది కొత్త చిగురు కొసల్లోనే. పాతకొమ్మ ఉంచితే ఆకులు పెరుగుతాయి, పువ్వు రాదు. కోశాక రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు వేసి నీళ్లు మొదలుపెట్టండి. మార్చికి మొగ్గ పడుతుంది. ఒక విడత పూత అవగానే ప్రతి కొమ్మ కొసా రెండు ఆకుల జతల మేర తుంచితే తర్వాతి విడత వస్తుంది. యూరియా వేయకండి, నత్రజని ఎక్కువైతే తీగ సాగుతుంది తప్ప పూయదు.

కొన్న మొగ్గల సంగతి. మల్లె తావి మొగ్గలో సిద్ధంగా ఉండదు, రేకు విచ్చుకునేటప్పుడే తయారై గాల్లోకి వదులుతుంది. కోశాక కూడా ఆ పని ఆగదు. అందుకే సాయంత్రం నాలుగైదు గంటలకు తెల్లగా ఉబ్బిన మొగ్గ కొనండి, ఏడెనిమిది గంటలకు విచ్చుతుంది. ఆకుపచ్చ ఛాయ ఉన్న మొగ్గ విచ్చదు, వాసనా రాదు. ప్లాస్టిక్ కవరులో కట్టి ఉంచితే చెమటపట్టి గోధుమరంగు తిరుగుతుంది, మీకు జరుగుతున్నది అదే. నీళ్లు చిలకరించినా అంతే. తడిపి గట్టిగా పిండిన పల్చటి గుడ్డలోనో, అరటాకులోనో వదులుగా చుట్టి చల్లటి మూల పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే రంగు నిలుస్తుంది గానీ తర్వాత సరిగ్గా విచ్చుకోవు, తావి సగమే.

రాత్రికి వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో ఒక వరసగా పరిచి, అమ్మగారి మంచానికి అయిదారు అడుగుల దూరంలో పెట్టండి. గుప్పెడు చాలు. చిన్న గదిలో తలుపులు మూసి బుట్టెడు పెడితే తల దిమ్ముగా ఉంటుంది, వాడిన పూలు తెల్లారేసరికి కంపు కొడతాయి. తెల్లవారగానే తీసేయండి. బజారు మల్లెల మీద పురుగుమందు ఉండొచ్చు కాబట్టి కుండనీళ్లలో వేయొద్దు, మీ తొట్టివైతే వేసుకోవచ్చు.

మల్లె ఎండాకాలపు పువ్వు. మిగతా కాలానికి పక్కనే 8 అంగుళాల తొట్టిలో మరువం పెట్టండి. కొమ్మమీద చెయ్యి రాస్తే చాలు వాసన, అమ్మగారు కూర్చునే కుర్చీ చేతికందే దూరంలో ఉంచండి. మరువానికి పడమటి ఎండ నేరుగా వద్దు, మల్లె నీడ పడేచోట ఉండాలి. పైమట్టి వేలికి పొడిగా తగిలాకే నీళ్లు, లేదంటే మొదలు కుళ్లుతుంది. దవనం కావాలంటే అక్టోబరు, నవంబరు నెలల్లో నారు పోసుకోండి, అది చలికాలపు మొక్క.

మీ బాల్కనీలో ఏప్రిల్ కల్లా రెండు బెడదలు వస్తాయి, ముందే చెబుతున్నాను. ఆకుల మీద సూదిమొన లాంటి తెల్లచుక్కలు, అడుగున సన్నటి గూడు కనిపిస్తే ఎర్రనల్లి. రెండు రోజులకోసారి ఆకుల అడుగున నీళ్లు జోరుగా కొట్టండి. మొగ్గలు ఊదారంగుకు తిరిగి, చిన్న రంధ్రంతో, ఒకదానికొకటి గూడుతో అంటుకుని ఉంటే మొగ్గతొలిచే పురుగు. ఆ మొగ్గలు తుంచి నలిపేయండి, తొట్టిలో పడేయొద్దు. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రం ఎండ తగ్గాక పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన రోజు, ఆ మర్నాడు పూలు ఇంట్లోకి తేవొద్దు, మల్లె వాసన బదులు వేప వాసనే వస్తుంది.